బిల్లు కౌంటరు లేనంత మాత్రాన చులకనా?

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర విన్న ఒక మాట మధ్యాహ్నం దాటినా నన్ను వదలడం లేదు. మా వాచ్‌మన్ కూతురికి రెండేళ్లు. గుండెకు చిల్లు ఉందని మొన్న ఎకో పరీక్షలో తేలింది. వాళ్లు ఒడిశాలోని గుణుపురం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు, ఇక్కడి కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ అందలేదు. సిద్దిపేట జిల్లా కొండపాకలోని సత్యసాయి సంజీవని ఆసుపత్రికి పాపను తీసుకువెళ్తున్నామని ఆ తల్లి నాతో చెబుతుండగా, పై అంతస్తులో ఉండే ఒక పెద్దమనిషి "ఊరికే చేసేచోట ఏం చూస్తారమ్మా, కొత్త డాక్టర్లకు చేయి తిరగడానికి మీ పిల్లలే కదా దొరికేది" అని లిఫ్టు ఎక్కి వెళ్లిపోయారు. ఆమె ముఖం పాలిపోయింది. "నిజమేనా అమ్మా?" అని నన్నడిగింది.

ఎంత మాట అన్నారు! అప్పటిదాకా భయాన్ని కడుపులో దాచుకుని ప్రయాణానికి మూట కట్టుకున్న తల్లితో అనదగిన మాటేనా అది?

నేను సత్యసాయి బాబా భక్తురాలిని కాను. కానీ అనంతపురంలో పెరిగినదాన్ని. 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు పుట్టపర్తిలో సత్యసాయి పెద్దాసుపత్రిని ప్రారంభించేనాటికి, గుండె ఆపరేషన్ అంటే మా జిల్లాలో పొలం తాకట్టు పెట్టి మద్రాసుకో వెల్లూరుకో వెళ్లడమే. అలాంటి కరవు సీమలో పైసా తీసుకోకుండా గుండె తెరిచి ఆపరేషన్లు చేశారు. 2001లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో రెండో ఆసుపత్రి వచ్చింది. ఆ తర్వాత మరో ట్రస్టు ఆధ్వర్యంలో 2012లో నయా రాయ్‌పూర్‌లో మొదలైన సంజీవని ఆసుపత్రి క్రమంగా పూర్తిగా పిల్లల గుండె జబ్బులకే అంకితమైంది. 2016లో హర్యానాలోని పల్వల్‌లో, 2018లో నవీ ముంబైలోని ఖార్‌ఘర్‌లో మరో రెండు వెలిశాయి. వీటిలో ఎక్కడా బిల్లు కౌంటరు ఉండదు. చేయి తిరగనివాళ్లతో, పిల్లల మీద ప్రయోగాలతో ఒక సంస్థ ఇన్ని రాష్ట్రాలకు విస్తరించగలదా?

రెండేళ్ల పాప గుండెను ఆపి, రక్తాన్ని యంత్రం ద్వారా నడిపిస్తూ, ఆ కాసేపట్లో చిల్లును మూసి, గుండెను మళ్లీ కొట్టుకునేలా చేయడానికి సర్జను ఒక్కరే చాలరు. మత్తు వైద్యులు, యంత్రాన్ని నడిపేవాళ్లు, రాత్రంతా ఐసీయూలో కన్ను మూయని నర్సులు కావాలి. తండ్రి డబ్బు కట్టినా కట్టకపోయినా ఆ పని కష్టం ఒక్కటే. ఇక కొత్త డాక్టర్లు పని నేర్చుకోవడం అంటారా, లక్షలు వసూలు చేసే ఆసుపత్రుల్లోనూ పెద్దవాళ్ల పక్కన నిలబడే నేర్చుకుంటారు. అక్కడ ఎవరూ ఈ ప్రశ్న అడగరు.

నా కోపానికి అసలు కారణం వేరే ఉంది. ఇదే మాట 2002లో మా అక్కతో మా బంధువు ఒకాయన అన్నారు. అక్క కొడుకుకు అప్పుడు పద్నాలుగు నెలలు. పాలు తాగుతుంటే నుదురంతా చెమట పట్టేది, బరువు పెరిగేవాడు కాదు, నెలకోసారి నెమ్ము చేసేది. దిష్టి అన్నారు, పాలు పడలేదన్నారు, చివరికి గుండెలో పెద్ద రంధ్రం అని తేలింది. బస్సులో రెండున్నర గంటలు ప్రయాణిస్తే పుట్టపర్తి. "ఊరికే చేసేచోట బిడ్డను ప్రయోగానికి ఇస్తావా?" అన్న ఆ ఒక్క మాటకు అక్క జడిసింది. డబ్బు కట్టే ఆసుపత్రికే వెళ్లాలని గాజులు అమ్మి, అప్పు పుట్టించి, ఆ మొత్తం సమకూర్చేసరికి ఏడాదిన్నర గడిచింది. అప్పటికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి బాగా పెరిగిపోయిందని, ఇక రంధ్రం మూస్తే ప్రాణానికే ముప్పని డాక్టర్లు చెప్పారు. పుట్టపర్తికి వెళ్లి ఉంటే తప్పక బాగయ్యేవాడని నేను అనలేను, కానీ సమయానికి చూపించుకునే అవకాశమే వాడికి లేకుండా పోయింది. ఇప్పుడు వాడికి ఇరవై మూడేళ్లు దాటాయి. గోళ్లు నీలంగా ఉంటాయి. ఒక్క అంతస్తు మెట్లు ఎక్కాలంటే మధ్యలో కూర్చుంటాడు.

పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. మన దేశంలో ఏటా అలాంటి పిల్లలు రెండు లక్షలకు పైగానే పుడుతున్నారని, వారిలో సుమారు ఐదో వంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స కావాలని వైద్యులు చెబుతున్నారు. ఈ జబ్బులో కాలమే మందు. అందుకే ఇలాంటి ఆసుపత్రి మన రాష్ట్రంలోకి రావడం నాకు ఇంత ముఖ్యం, అందుకే ఆ మాట నాకు ఇంతగా తగిలింది.

ఇందాక ఆ పెద్దమనిషి తలుపు తట్టి మా అక్క కొడుకు సంగతి మొత్తం చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. రేపు తెల్లవారుజామున పాపతో పాటు నేనూ జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సు ఎక్కుతున్నాను.