వినికిడి పోయాక లక్షలు.. పోకముందు ఒక రక్త పరీక్షకు లేవా?

నెలలు నిండకుండా పుట్టిన కిలోన్నర బిడ్డకు సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్‌ఫెక్షన్) అనుమానంతో అమికాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారనుకుందాం. కిలోకు 15 మి.గ్రా. లెక్కన డోసు 22.5 మి.గ్రా. పిల్లల కోసం వచ్చే 100 మి.గ్రా. వయల్ అయితే 0.45 మి.లీ. తీయాలి. అది స్టాకులో లేక 500 మి.గ్రా. వయల్ చేతికొస్తే 0.09 మి.లీ. మాత్రమే. రెండింట్లోనూ ఉండేది 2 మి.లీ. మందే! రాత్రి డ్యూటీలో సిరంజి గీత కాస్త అటూ ఇటూ అయితే తప్పు నర్సు మీదకు తోస్తారు. చిన్న వయల్ తెప్పించని వాళ్లను అడిగేదెవరు?

లెక్క సరిగ్గా వేసినా పని సగమే అయినట్టు. అమికాసిన్, దాని కోవకే చెందిన జెంటామైసిన్ ఒంట్లోంచి పోయేది కిడ్నీల ద్వారా. పుట్టిన తొలి వారాల్లో ఆ కిడ్నీల పనితీరు రోజురోజుకూ మారుతుంది. అందుకే ఒకే బరువున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి సరిపోయిన డోసు ఇంకొకరి రక్తంలో పేరుకుపోతుంది. పేరుకున్న మందు కిడ్నీలనూ లోపలి చెవినీ దెబ్బతీస్తుంది. కిడ్నీలు చాలావరకు కోలుకుంటాయి, చెవి కోలుకోదు. తర్వాతి డోసుకు ముందు అర మి.లీ. రక్తం తీసి చూస్తే, అమికాసిన్ లీటరుకు 5 మి.గ్రా. దాటిందో లేదో తెలుస్తుంది. దాటితే డోసుల మధ్య వ్యవధి పెంచాలి. అంతే.

క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే పసికందులు ఒళ్లు బూడిదరంగుకు తిరిగి చనిపోతున్నారని 1959లోనే తేలింది. వాళ్ల కాలేయం ఆ మందును వదిలించుకోలేకపోవడమే కారణం. పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు కాదని అప్పటి నుంచీ చదువుకుంటూనే ఉన్నాం.

అనవసరంగా యాంటీబయాటిక్స్ వాడటం ఆపండి, కొలతల సంగతి తర్వాత అంటారు కొందరు. నిజమే, కల్చర్‌లో (రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షలో) ఏమీ రాక, బిడ్డ బాగుంటే రెండు మూడు రోజుల్లో మందు ఆపేయాలి. అలాంటి కోర్సుకు ఈ పరీక్ష అక్కర్లేదు. కానీ మొండి బ్యాక్టీరియా వల్ల వారం, పది రోజులు అమికాసిన్, వాంకోమైసిన్ ఎక్కించాల్సిన పిల్లల మాటేమిటి? వాళ్లకు మోతాదు తక్కువైనా ప్రమాదమే.

అసలు నా కోపం వేరు. ఆరోగ్యశ్రీలో వినికిడి తెప్పించే కాక్లియర్ ఇంప్లాంట్ల ఆపరేషన్లకు లక్షలు ఖర్చు పెడుతున్నాం. మంచి పనే. ఆ పిల్లలందరికీ మందుల వల్లే వినికిడి పోయిందనీ అనను. కానీ మన బడ్జెట్ల తీరు చూడండి. ఆపరేషన్‌కైతే ప్యాకేజీ ఉంటుంది, ఫొటో ఉంటుంది, లబ్ధిదారు ఉంటాడు. జరగకుండా ఆపిన నష్టానికి లబ్ధిదారు ఎవరో ఎమ్మెల్యేకు చూపించలేం. అందుకే డయాలసిస్ సెంటర్‌కు రిబ్బన్ కట్ చేస్తారు, రక్తంలో మందు ఎంతుందో కొలిచే డ్రగ్ లెవెల్ కిట్‌కు చేయరు.

ఊళ్ల నుంచి శాంపిళ్లు తెచ్చి ఉచితంగా పరీక్షించే టీ-డయాగ్నస్టిక్స్ పద్ధతి తెలంగాణలో ఉంది. జిల్లా ఎస్‌ఎన్‌సీయూల్లో (నవజాత శిశువుల ప్రత్యేక వార్డుల్లో) మూడు రోజులు దాటిన ప్రతి అమికాసిన్, జెంటామైసిన్, వాంకోమైసిన్ కోర్సుకూ అదే దారిలో శాంపిల్ వెళ్లి, తర్వాతి డోసు వేళకు రిజల్ట్ నర్సు ఫోన్‌కు రావాలి. డిశ్చార్జికి ముందు వినికిడి తెలిపే బెరా పరీక్ష చేయాలి. దీనికి వచ్చే బడ్జెట్‌లో ఎంత పెడతారో రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులూ ఇప్పుడే చెప్పాలి.