నవ్వుతూ ఫొటో పంపాలట!

పొద్దున్నే మెయిల్. మూడేళ్ల కిందట మా ల్యాబ్‌కి స్లైడ్ స్కానర్ (మైక్రోస్కోపు స్లైడుని కంప్యూటర్‌లో బొమ్మగా చూపించే మెషిన్) దానమిచ్చిన విదేశీ సంస్థ నుంచి. వాళ్ల వార్షిక నివేదికలో వేసుకోవడానికి ఫొటో కావాలట. స్కానర్ పక్కన టీమ్ అంతా నిలబడాలట, వీలైతే నవ్వుతూ. వీలైతే! ఎంత మర్యాదో చూడండి.

ఆ స్కానర్ ఆగిపోయి పద్నాలుగు నెలలు. ఒక రాత్రి కరెంటు పోయి, తిరిగి వచ్చేటప్పుడు హై వోల్టేజ్‌తో వచ్చింది. అంతే. బాగుచేసే ఇంజనీరు నైరోబీ నుంచి రావాలి. ఆయన విమానం ఛార్జీలు ఎవరు పెట్టుకోవాలో ఈ రోజుకీ తేలలేదు. హాస్పిటల్ వాళ్లేమో ఇచ్చినవాళ్లనే అడగమంటారు. ఇచ్చినవాళ్లేమో రిపేర్లు తమ ప్రాజెక్టులోకి రావంటారు. ఈలోగా దుమ్ము పడుతోందని మా టెక్నాలజిస్టు ఒకావిడ పాత కిటెంగే (ఇక్కడి రంగుల అచ్చు గుడ్డ)తో దానికి చక్కటి ముసుగు కుట్టింది. ఇప్పుడు దాని మీద టీ ఫ్లాస్కు పెడుతున్నాం. ఎత్తు భలే కుదిరింది. ఆ ఫొటో పంపనా?

కొత్తగా ఫాలో అవుతున్నవాళ్ల కోసం చెబుతున్నా. నేను పాథాలజిస్టుని, అంటే గడ్డ ముక్కని మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో చెప్పే డాక్టర్ని. మాది తెనాలి పక్కన, ఉద్యోగం టాంజానియాలో. హాస్పిటల్ పేరు అడక్కండి, ఇంకో రెండేళ్లు లోను కట్టాలి.

ఇలాంటివి రాసినప్పుడల్లా కింద ఒకరు తయారవుతారు, "పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంది మీ వరస" అంటూ. పుట్టెడు వడ్లిస్తే కళ్లకద్దుకునేదాన్నండీ. వీళ్లిచ్చింది వెండి కంచం. అన్నం సంగతి మమ్మల్నే చూసుకోమన్నారు. మాకు కావాల్సినవి ముక్క కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్, దాన్ని పొదిగే మైనం, పల్చగా కోసే మైక్రోటోమ్ బ్లేడ్లు, స్లైడు మీద కప్పే కవర్ స్లిప్పులు. వాటిని ఏ దాతా ఇవ్వడు. మైనం దిమ్మ పక్కన నిలబడితే ఫొటో బాగా రాదు కదా! ఫార్మలిన్ క్యాన్‌కి రిబ్బన్ ఎక్కడ కడతారు? ఒక్కో బ్లేడుతో ఎన్ని మైనం బ్లాకులు కోస్తున్నామో చెబితే మా ప్రొఫెసర్లు నాతో మాట్లాడటం మానేస్తారు. మొద్దుబారిన బ్లేడుతో నాలుగు మైక్రాన్ల పల్చటి సెక్షన్ చిరగకుండా తీసి నీళ్ల మీద తేలేసే మా టెక్నాలజిస్టు చెయ్యి చూడాలి మీరు. ఆవిడకి ఏ నివేదికలోనూ చోటు లేదు. ముసుగు కుట్టింది కూడా ఆవిడే.

పోయిన నెల జిల్లా ఆసుపత్రి నుంచి రొమ్ము గడ్డ ముక్క వచ్చింది. మయోనైజ్ సీసాలో. లేబుల్ కూడా సరిగ్గా ఊడలేదు. ముక్కకి పదింతలు ఫార్మలిన్ పోయాలి. వీళ్లు సెలైన్ పోశారు, ఎందుకంటే వాళ్ల దగ్గర ఉన్నది అదే. బస్సుల్లో, కౌంటర్ల మీద పదకొండు రోజులు తిరిగి మా దగ్గరకొచ్చింది. మూత తీయగానే వాసనతో తెలిసిపోయింది. అయినా ఆశ చావక ప్రాసెస్ చేశాం. మైక్రోస్కోపు కింద అంతా ఒకటే గులాబీ రంగు, ఒక్క కణంలోనూ న్యూక్లియస్ లేదు, ముక్క పూర్తిగా పాడైపోయింది. "మళ్లీ బయాప్సీ పంపండి" అని రిపోర్టు రాశాను. ఫారం మీద వయసు ముప్పై ఎనిమిది అని ఉంది. రెండో సీసా రాలేదు.

ఆ జిల్లా ఆసుపత్రికి ఒక క్యాన్ ఫార్మలిన్, వెడల్పు మూతి డబ్బాలు, నర్సుకి అరగంట ట్రైనింగ్ చాలు. కానీ మాకు వచ్చిన ట్రైనింగ్ ఏమిటో తెలుసా? సముద్రం ఒడ్డున హోటల్లో అయిదు రోజులు. అంశం, పాథాలజీలో ఏఐ. బఫేలో రొయ్యలు మాత్రం బాగున్నాయి, ఎందుకు అబద్ధం చెప్పాలి.

అందరూ ఇంతే అనను. మలావీలో లిలాంగ్వే కముజు సెంట్రల్ హాస్పిటల్లో 2011లో పాథాలజీ ల్యాబ్ తెరిచారు. అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు వారం వారం ఆన్‌లైన్‌లో కూర్చుని, అక్కడి డాక్టర్లతో కలిసి కేసులు చూశారు. ఒక్క వారం వచ్చి పోవడం కాదు, వారం వారం. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ వాళ్ల ల్యాబ్‌స్కిల్స్ ఆఫ్రికా కూడా అంతే, కెన్యా, టాంజానియా, ఉగాండా, జాంబియా, జింబాబ్వేల్లో ల్యాబ్ మనుషుల మీద ఖర్చుపెట్టారు. అలాంటి వాళ్లు ఫొటో అడిగితే ఫ్లాస్కు తీసేసి మరీ నవ్వుతాను.

అసలు ఇక్కడి గడ్డ ముక్క పరీక్షకి విమానమెక్కడం పాత అలవాటు. డెనిస్ బర్కిట్ కంపాలాలోని ములాగో హాస్పిటల్ సర్జన్. పిల్లల దవడల్లో వచ్చే గడ్డల గురించి 1958లో రాశాడు. 1963 డిసెంబరులో అలాంటి గడ్డ ముక్క ఒకటి లండన్ బయల్దేరింది. పొగమంచు వల్ల విమానం మాంచెస్టర్‌కి మళ్లింది. సీసా చేరేసరికి ద్రవం మసకబారిపోయింది. పాడైందనుకున్నారు. తీరా చూస్తే గడ్డ కణాలు విడివిడిగా తేలుతున్నాయి. అక్కణ్నుంచే 1964లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ బయటపడింది. గడ్డకి (బర్కిట్ లింఫోమా) సర్జన్ పేరు, వైరస్‌కి లండన్ ల్యాబ్ వాళ్ల పేర్లు. బిడ్డ మాత్రం ఉగాండా బిడ్డ. బర్కిట్‌ని తిట్టడం లేదు, ఆయన ఏళ్ల తరబడి అక్కడే ఉండి చేశాడు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2012లో ర్వాండాలో బుటారో క్యాన్సర్ కేంద్రం తెరిచినప్పుడు కూడా మొదట్లో ముక్కలు బోస్టన్ వెళ్లాల్సి వచ్చిందంటే ఏమనాలి?

డబ్బుల్లేక అంటారా? మా పక్క గదికి రండి. 2003లో అమెరికా పెప్ఫార్ అనే హెచ్‌ఐవీ సాయం పథకం మొదలుపెట్టాక హెచ్‌ఐవీ పరీక్షలకి డబ్బొచ్చింది. రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ మెషిన్, దానికి ఏసీ, ఏసీకి స్టెబిలైజర్. మంచిదే, లక్షల ప్రాణాలు నిలబడ్డాయి. కానీ అదే గోడకి ఇవతల నా మైనం ఎండకి మెత్తబడుతోంది. 2025లో అమెరికా సాయం ఆపినప్పుడు ఆ గదిలో టెక్నీషియన్ల జీతాలు కూడా ఆగాయి, అది వేరే ఏడుపు.

గడ్డ క్యాన్సరా కాదా చెప్పేది మేము. కీమో మొదలవ్వాలంటే మా సంతకం కావాలి. ఈ ఖండంలో చాలా దేశాల్లో పది లక్షల మందికి ఒక్క పాథాలజిస్టు కూడా లేరు. అయినా ఎవరికీ పట్టదు, ఎందుకంటే పేషెంటుకి మా మొహం కనబడదు.

దాతల్ని అనడమెందుకు, మా ఇంట్లోనే చూశాను. ఎండీ పాథాలజీలో చేరిన ఏడాది మా మేనత్త కూతురి పెళ్లిలో, బంతిలో అందరి ముందు మా అత్త అడిగింది, "అయితే అమ్మాయ్, నువ్వు పేషెంట్లని చూడవా? రక్తం తీసే డాక్టరువా?" అని. పక్కనున్న బాబాయి సర్దిచెప్పబోయాడు: "కాదక్కయ్యా, శవాల డాక్టరు." నా విస్తట్లో బూరె అలాగే ఉండిపోయింది. సంబంధాలు చూసేటప్పుడు మా అమ్మ పాథాలజీ అని చెప్పేది కాదు, "పీజీ అయిపోయిందండీ" అని ఊరుకునేది. అదే అత్త, నాలుగేళ్ల కిందట థైరాయిడ్ గడ్డ సూదిపరీక్ష రిపోర్టు చేతికి రాగానే అర్ధరాత్రి వాట్సాప్‌లో ఫొటో పెట్టి, ఫోన్ చేసి, "కాస్త చూసి చెప్పమ్మా, టెన్షన్‌గా ఉంది" అంది. చూశాను. ఏం లేదత్తయ్యా పడుకో అన్నాను. బూరె సంగతి ఎత్తలేదు. ఇప్పుడెత్తుతున్నా.

మెయిల్ మా టెక్నాలజిస్టుకి చూపించాను. కోపం రాలేదావిడకి. "ఫ్లాస్కు తీసేసి దిగుదాం డాక్టర్. నవ్వుదాం కూడా. కింద మాత్రం బ్లేడ్లు పంపమని రాయండి" అంది. డబ్బాలో ఇంక పదకొండు బ్లేడ్లే ఉన్నాయి. నేనేమో ఫ్లాస్కుతోనే దిగుదామంటున్నా. ఇద్దరం ఇంకా వాదించుకుంటున్నాం.