‘టక్’ మన్నంత మాత్రాన సెల్ఫ్ పోయినట్టు కాదు

ఎంజీబీ అనే పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లున్నవాళ్ల మధ్య ఒక సలహా బాగా చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: కీ తిప్పితే టక్‌మని ఆగిపోయిందంటే సెల్ఫ్ మోటారు (ఇంజన్ని మొదట తిప్పి స్టార్ట్ చేసేది) అయిపోయినట్టే. ఆ పాత లూకాస్ కంపెనీ సెల్ఫ్‌ని బాగుచేయించడం డబ్బు దండగ. తీసి పారేసి కొత్తరకం గేర్ రిడక్షన్ సెల్ఫ్ (లోపలి పళ్లచక్రాలతో బలం పెంచుకునేది) కొనండి. ఏ ఎంజీబీకైనా సరిపోతుంది, కరెంటు తక్కువ లాగుతుంది కాబట్టి కేబుళ్ల గొడవ ఉండదు, రెండు బోల్టులు విప్పితే అరగంట పని. ఈలోగా బండి మొరాయిస్తే సుత్తితో సెల్ఫ్ మీద రెండు దెబ్బలు వేయండి.

ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఈ కార్లు ముచ్చటపడి కొనుక్కున్న మనవాళ్లు కూడా దీన్ని ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఇందులో కాస్త నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. మిగతాదాని వల్ల బంగారం లాంటి సెల్ఫ్‌లు పాత ఇనుములోకి పోతున్నాయి, అసలు జబ్బేమో కారులోనే ఉండిపోతోంది.

ముందు ఆ ‘టక్’ సంగతి చూద్దాం. 1967 చివర్లో వచ్చిన మార్క్ 2 నుంచి ఎంజీబీకి సోలినాయిడ్ ఉన్న లూకాస్ సెల్ఫ్ వేశారు, తర్వాతి కార్లలో దాని రకం పేరు 2ఎం100. ఆ సోలినాయిడ్, అంటే కరెంటుతో కదిలే అయస్కాంత స్విచ్, సెల్ఫ్ నెత్తిమీదే ఉంటుంది. కీ తిప్పగానే అది పినియన్‌ని (సెల్ఫ్ చివరి చిన్న పళ్లచక్రం) ఫ్లైవీల్ (ఇంజన్ వెనక పెద్ద చక్రం) పళ్లలోకి తోస్తుంది, వెంటనే లోపలి రాగి కాంటాక్టుల్ని కలిపి మోటారుకి కరెంటు వదులుతుంది. మనకు వినపడే టక్ సోలినాయిడ్‌ది. అది కదలడానికి కొద్దిపాటి కరెంటు చాలు. ఇంజన్ని తిప్పడానికి మోటారుకి మాత్రం వందల ఆంపియర్లు కావాలి. అంటే ఆ చప్పుడు చెప్పేది చిన్న కరెంటు చేరిందని మాత్రమే. పెద్ద కరెంటు ఎక్కడ ఆగిందో అది చెప్పదు.

అది ఆగడానికి ఎంజీబీలో చోట్లు చాలా ఉన్నాయి. బ్యాటరీ బానెట్ కింద ఉండదు, సీట్ల వెనకాల ఉంటుంది. 1974 దాకా వచ్చిన కార్లలో అయితే ఒక్కటి కాదు, 6 వోల్టులవి రెండు. వాటికి నాలుగు టెర్మినళ్లు, మధ్యలో ఒక లింకు కేబుల్. అక్కడి నుంచి కారు అడుగున పొడుగ్గా వచ్చి సెల్ఫ్‌ని చేరే లావుపాటి కేబుల్ ఒకటి. తిరుగుదారి కారు బాడీ. ఇంజన్, గేర్‌బాక్స్ రబ్బరు మౌంటుల మీద కూర్చుంటాయి కాబట్టి, వాటినీ బాడీనీ కలిపేది రాగితీగలతో అల్లిన ఎర్త్ పట్టీ ఒక్కటే. ఈ దారిలో ఎక్కడైనా ఓమ్‌లో వందో వంతు నిరోధం చేరిందనుకోండి, 300 ఆంపియర్లు పోయేటప్పుడు 3 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. తుప్పు పట్టిన ఒక్క బోల్టు చాలు అందుకు.

ఆ ఎర్త్ పట్టీ తెగినా, గేర్‌బాక్స్ దించి ఎక్కించేటప్పుడు మళ్లీ బిగించడం మర్చిపోయినా, కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. దొరికేది చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. లెస్టర్‌లో ఉండే మా మిత్రుడి 1972 ఎంజీబీలో జరిగింది అదే. కొత్త సెల్ఫ్ వేయించాక కూడా అదే టక్. రెండు మూడుసార్లు కీ తిప్పి చోక్ పిడి పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. కేబుల్ తొడుగు మెత్తబడి డాష్‌బోర్డు వెనక నుంచి కాలిన వాసన వస్తోంది. పట్టీ మార్చి, అది కూర్చునే చోట రంగు గీకి ఇనుము మెరిసేలా చేసి బిగిస్తే, తీసేసిన పాత సెల్ఫే మళ్లీ వేసినా ఇంజన్ని గిర్రున తిప్పింది.

‘కరెంటు తక్కువ లాగుతుంది, కేబుళ్లను పట్టించుకోనక్కర్లేదు’ అన్న మాట ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది. గేర్ రిడక్షన్ సెల్ఫ్ తక్కువ లాగుతుందన్నది నిజమే. అందువల్ల చెడిన ఎర్త్‌తో కూడా కొన్నాళ్లు ఎలాగో నెట్టుకొస్తుంది. ఆ కొన్నాళ్లూ చోక్ కేబుల్ వేడెక్కుతూనే ఉంటుంది.

కాబట్టి పానా పట్టుకునే ముందు మల్టీమీటర్ పట్టుకోండి. ఇంజన్ అంటుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ వైరు పీకేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంకొకరిని కీ తిప్పమనండి. తిప్పి పట్టుకున్నంతసేపూ బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. 12 పైనుంచి 10 కిందికి జారిపోతుంటే ముందు బ్యాటరీని ఛార్జి చేసి పరీక్షించాలి. బ్యాటరీ బాగుంటే, మీటరు ఒక కొన బ్యాటరీ లైవ్ పోస్టు (ఎర్త్ కానిది) మీద, రెండోది సోలినాయిడ్‌కి కేబుల్ వచ్చే బోల్టు మీద పెట్టండి. తర్వాత బ్యాటరీ ఎర్త్ పోస్టుకీ ఇంజన్ బ్లాకుకీ మధ్య చూడండి. ఈ రెంటిలో ఎక్కడైనా అర వోల్టు దాటితే తప్పు దారిలో ఉంది, సెల్ఫ్‌లో కాదు. దారి శుభ్రంగా ఉండి, సోలినాయిడ్‌లోకి 12 వోల్టులు వస్తూ, మోటారు వైపు బోల్టు దగ్గర ఏమీ లేకపోతే కాంటాక్టులు కాలిపోయాయని అర్థం. అక్కడ కూడా వోల్టేజీ వచ్చి మోటారు కదలకపోతే, అప్పుడు బ్రష్‌లను, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలను, అనుమానించాలి.

ఇక ‘రిపేరు దండగ’ అన్న మాట. ఇది నాకు బాధ కలిగించే మాట. 2ఎం100ని విప్పి బాగుచేసుకునేలాగే తయారుచేశారు. వెనక మూత తీస్తే నాలుగు బ్రష్‌లు, నల్లటి పొడి. బ్రష్ పొడవు 9.5 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్చాలి. కమ్యుటేటర్‌ని (బ్రష్‌లు ఆనే రాగి పలకల భాగం) సన్నటి ఉప్పుకాగితంతో తుడవాలి, ఎమెరీ పేపరు వాడకూడదు, దాని రజను పలకల మధ్య ఇరుక్కుంటే షార్ట్ అవుతుంది. పలకల మధ్య ఇన్సులేషన్‌ని డైనమోలో గీకినట్టు లోతుగా గీకకూడదు. అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు. బుష్ అరిగితే ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) కిందికి వాలి, చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ ఇనుముకి రాసుకుంటుంది. ఇంజన్ నీరసంగా తిరుగుతుంది, కరెంటు విపరీతంగా లాగుతుంది. చూసినవాళ్లు మోటారు కాలిందంటారు. పోయింది చిన్న కంచు బుష్. కొత్త బుష్‌ని శుభ్రమైన ఇంజన్ ఆయిల్లో 24 గంటలు నానబెట్టి ఎక్కించాలి. అలా నానబెట్టకుండా ఎక్కించినవి తొందరగా అరిగిపోతాయి.

ఈ పని మనవాళ్లకు కొత్తేమీ కాదు. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1489 సీసీ ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి ఒకే ‘బి’ కుటుంబానివి. లూకాస్ కంపెనీ మద్రాసులో టీవీఎస్‌తో కలిసి పెట్టిన లూకాస్ టీవీఎస్ సెల్ఫ్‌లు మన రోడ్ల మీద లెక్కలేనన్ని తిరిగాయి. విజయవాడ ఆటోనగర్‌లో సెల్ఫ్, డైనమో పని చేసేవాళ్లకు బ్రష్‌లు మార్చడం, బుష్‌లు కొట్టడం రోజూ చేసే పని. ఆ పనితనం చూస్తూ పెరిగినవాళ్లు విదేశాలకు వెళ్లగానే దండగ అనడం నాకు మింగుడు పడదు.

‘ఏ ఎంజీబీకైనా సరిపోతుంది’ అన్నది పూర్తిగా తప్పు. 1967 దాకా వచ్చిన కార్లలో బెండిక్స్ తరహా (మోటారు ఊపుకే పినియన్ జారి పళ్లలో పడేది) పాత సెల్ఫ్ ఉండేది, దాని ఫ్లైవీల్ రింగు, వెనక ప్లేటు వేరు. అంతకంటే ముఖ్యంగా అవి పాజిటివ్ ఎర్త్ కార్లు, అంటే బ్యాటరీ ప్లస్‌ని బాడీకి కలిపినవి. లూకాస్ సెల్ఫ్‌లో అయస్కాంతాలకు బదులు తీగచుట్టలు (ఫీల్డ్ కాయిల్స్) ఉంటాయి కాబట్టి ప్లస్, మైనస్ తారుమారైనా అటే తిరుగుతుంది. గేర్ రిడక్షన్ వాటిలో కొన్నింటికి శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. అలాంటివాటిని పాజిటివ్ ఎర్త్ కారులో బిగిస్తే ఉల్టా తిరుగుతాయి.

సుత్తి దెబ్బ అరిగిన బ్రష్‌ని కాస్త కదిపి ఒకసారి స్టార్ట్ చేయించవచ్చు. అదే దెబ్బ అయస్కాంతాలున్న కొత్తరకం సెల్ఫ్ మీద వేస్తే అవి పెంకుల్లా పగలవచ్చు. బెండిక్స్ రకంలో పినియన్ ఇరుక్కుంటే సుత్తి అక్కర్లేదు. ఇగ్నిషన్ ఆపి, వెనక టోపీ తీసి, ఇరుసు చివరి నలుచదరపు భాగాన్ని పానాతో తిప్పితే వదులుతుంది.

అరగంట పనా? బోల్టులు రెండే, కానీ పై బోల్టుకి చెయ్యి అందదు, ఆయిల్ ఫిల్టరు అడ్డం. తొందరలో జనం చేసే తప్పు ఒకటుంది: బ్యాటరీ సీట్ల వెనక ఉందని బద్ధకించి ఎర్త్ తీయకుండా పని మొదలుపెట్టడం. సెల్ఫ్‌కి వచ్చే లావు కేబుల్‌కి ఫ్యూజు లేదు, కీ తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. పానా ఒక కొన ఆ బోల్టుకీ రెండో కొన బాడీకీ తగిలితే చెయ్యి కాలుతుంది, మంట కూడా లేవచ్చు. ఎర్త్ కేబుల్ విప్పాకే కింద దూరండి.

ఆర్మేచర్ కాలినా, కమ్యుటేటర్ పలకలు లేచిపోయినా, కంప్రెషన్ పెంచిన ఇంజన్ వేడి మీద తిరగకపోయినా గేర్ రిడక్షన్ సెల్ఫ్ మంచి ఎంపికే, నేనూ అదే చెబుతాను. కొనేముందు కారు ఏ సంవత్సరానిదో, ఎర్త్ పాజిటివా నెగెటివా చెప్పండి. 1974 తర్వాతి రబ్బరు బంపరు కారైతే, స్టార్ట్ చేసేటప్పుడు కాయిల్‌కి పూర్తి వోల్టేజీ పంపే చిన్న టెర్మినల్ సోలినాయిడ్ మీద ఉందో లేదో అడగండి. అది లేని సెల్ఫ్ ఇంజన్ని బాగానే తిప్పుతుంది, చలి పొద్దున మాత్రం నిప్పురవ్వ బలహీనమై బండి అందుకోదు.