మేక శాపం గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మీరు క్షేమంగా ఉన్నన్నాళ్లూ మేం లేము. మేం క్షేమంగా ఉన్న రాత్రే మీరు పోయారు. అందుకని ఆ మాట వదిలేసి నేరుగా విషయానికొస్తాను.

2016 నవంబరు 2, షికాగో టైము రాత్రి 11:47కి మీరు కాలం చేశారు. ఈ ఉత్తరం అప్పుడే రాయాల్సింది. పోయినవాళ్ల గురించి వెంటనే చెడ్డగా మాట్లాడకూడదని ఆగాను. ఇన్నేళ్లకి ఇప్పుడు రాయడానికి కారణం వేరే ఉంది. కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

మీ జాతకం తెలియని వాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. 1945 అక్టోబరు 6. షికాగో కబ్స్ అనే బేస్‌బాల్ జట్టు సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో, డెట్రాయిట్ టైగర్స్‌తో వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్. ఏడింటిలో నాలుగు గెలిచినవాళ్లది కప్పు, కబ్స్ అప్పటికి 2–1తో ముందున్నారు. ఊళ్లో బార్ నడుపుకునే విలియం సియానిస్ అనే గ్రీకు పెద్దమనిషి రెండు టికెట్లతో వచ్చాడు. ఒకటి తనకి, రెండోది తన మేకకి. మేక పేరు మర్ఫీ. గేటు దగ్గరే ఆపేశారని కొందరంటారు, లోపల కాసేపు కూర్చోనిచ్చి తర్వాత గెంటేశారని కొందరంటారు. మొత్తానికి మేక కంపు కొడుతోందని బయటికి పంపారు. ఒళ్లు మండిన ఆ పెద్దాయన, ఈ కబ్స్ ఇక గెలవరు పొమ్మన్నాడు. ఆ రోజు మ్యాచ్ పోయింది, సిరీస్ పోయింది, మీరు పుట్టారు.

నిజం చెప్పాలంటే ఈ గొడవలో నేను మర్ఫీ పక్షమే. సంక్రాంతి ముందు రోజు చేతిలో రిజర్వేషన్ టికెట్ పెట్టుకుని కూడా బోగీ ఎక్కలేకపోయిన వాడెవడైనా మర్ఫీ పక్షమే ఉంటాడు.

నా తగువు మీతో. మొదటిది, మీకు పద్ధతి లేదు. మా పురాణాల్లో మహామహా కోపిష్టి మునులున్నారు. ఇలా కమండలంలో నీళ్లు చేతిలోకి తీసుకుని అలా శపించేసేవాళ్లే. అయినా అవతలివాడు కాళ్ల మీద పడగానే శాపవిమోచనం ఎప్పుడో, ఎలాగో చెప్పేవాళ్లు. జయవిజయులకైతే విష్ణుమూర్తి ఏకంగా రెండు ప్లాన్లు ఇచ్చాడు: భక్తులుగా ఏడు జన్మలా, శత్రువులుగా మూడా, మీ ఇష్టం అని. మీకు గడువు లేదు, షరతు లేదు. మీకోసం కబ్స్ అభిమాని నాలుగు తరాలు ఎదురుచూశాడు, ఏ మునీ అంత నిర్దయగా లేడు.

రెండోది, మీరు చేయని పనికి పేరు కొట్టేశారు. మీకు ముందు కబ్స్ చివరిసారి కప్పు గెలిచింది 1908లో. మీరు పుట్టింది 1945లో. మధ్యలో ఆ 37 ఏళ్ల లెక్క ఎవరిది? ఆ కాలంలో వాళ్లు ఆరుసార్లు వరల్డ్ సిరీస్ దాకా వెళ్లారు, ఆరుసార్లూ ఓడారు. ఏ మేకా టికెట్ కొనలేదు. పోనీ మీరు వచ్చాకైనా అంతా మీ చలవేనా? 1961లో యజమాని రిగ్లీ గారికి, చూయింగ్ గమ్ కంపెనీ ఆయనే, జట్టుకి మేనేజర్ ఎందుకనిపించింది. కోచ్‌లే వంతులవారీగా జట్టుని నడపాలన్నాడు. ఈ వారం ఒకాయన, వచ్చే నెల ఇంకొకాయన. ఉమ్మడి కుటుంబంలో కోడళ్లకి వంట వంతులు వేసినట్టు. 1962లో 162 మ్యాచ్‌లాడితే 103 పోయాయి. 1964లో లూ బ్రాక్ అనే కుర్రాణ్ణి సెయింట్ లూయిస్‌కి ఇచ్చేశారు. సెయింట్ లూయిస్ అదే ఏడాది కప్పు కొట్టింది, ఆ కుర్రాడు తర్వాత 938 బేస్‌లు దొంగిలించి, అంటే బంతి కొట్టకముందే తర్వాతి మజిలీకి పరుగెత్తి, హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. ఇందులో మేక చేసిందేముంది? ఆడలేక మద్దెల ఓడన్న సామెత కబ్స్ ఆఫీసులో ఫ్రేము కట్టి పెట్టాల్సింది. వాళ్లు మద్దెల బదులు మేకని తెచ్చుకున్నారు. బలిపశువు అనే మాటకి ఇంత సూటిగా సరిపోయిన జంతువు ఇంకోటి లేదు.

అయితే మీ పనితనంలో కళ ఉందని ఒప్పుకోవాలి. 1969 ఆగస్టు మధ్యలో కబ్స్ తొమ్మిది మ్యాచ్‌ల ఆధిక్యంలో ఉన్నారు. సెప్టెంబరు 9న న్యూయార్క్‌లో మెట్స్‌తో ఆడుతుంటే ఒక నల్ల పిల్లి మైదానంలోకొచ్చింది. బ్యాటింగ్‌కి సిద్ధంగా నిలబడిన రాన్ శాంటో పక్కనుంచి పోయి, కబ్స్ డగౌట్ ముందు నడిచింది. అంత పెద్ద స్టేడియంలో ఆ పిల్లికి దారి ఎవరు చూపించారు? ఆ ఏడాది చివరికి మెట్స్ ఎనిమిది మ్యాచ్‌ల తేడాతో పైకెళ్లారు, కప్పు కూడా వాళ్లదే. మా అమ్మమ్మ అయితే పిల్లి ఎదురైతే ఇంట్లోకొచ్చి, కాసిని మంచినీళ్లు తాగి, ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ బయల్దేరేది. శాంటోకి ఆ మాట చెప్పే అమ్మమ్మ లేదు.

1984 గురించి ఎక్కువ రాయను. వరల్డ్ సిరీస్‌కి వెళ్లేదెవరో తేల్చే పోటీలో, శాన్ డియాగోతో ఐదు మ్యాచ్‌ల్లో మొదటి రెండూ గెలిచారు, తర్వాత మూడూ పోయాయి. చివరిదాంట్లో ఫస్ట్ బేస్‌మన్ లియాన్ డరమ్ కాళ్ల మధ్యలోంచి బంతి దొర్లుకుంటూ పోయింది. అది మీ అసలు ప్రతిభ కాదు. మన గల్లీ క్రికెట్‌లో రోజుకి పది జరుగుతాయి.

2003కి వద్దాం. నా సొంత పద్దు అక్కడే మొదలైంది.

ఆ ఆగస్టులోనే ఎం.ఎస్. చదవడానికి షికాగో వచ్చాను. నలుగురం తెలుగు కుర్రాళ్లం ఒక పాత ఇంటి పై వాటాలో ఉండేవాళ్లం. టీవీ లేదు, మంచాలూ లేవు. కింద వాటాలో ఇంటి ఓనరు, డెబ్భై దాటిన ముసలాయన. ఆయన్ని మేం తాత అనుకునేవాళ్లం, మొహం మీద మాత్రం సర్. అక్టోబరు 14 సాయంత్రం తలుపు కొట్టి, మీరొచ్చిన ఏడాదే చరిత్ర జరగబోతోంది, కిందికి రండి అన్నాడు. మేం కిందికి దిగింది చరిత్ర కోసం కాదు, ఆయన పిజ్జా తెప్పించాడు కాబట్టి.

తాత ఒళ్లో గళ్ల పుస్తకం, చేతిలో చెక్క పెన్సిల్. ప్రతి బ్యాటర్‌కీ ఒక గడి, గడిలో చిన్న చౌకం గీత. ఔటైతే ఒక గుర్తు, బేస్ చేరితే ఒక గుర్తు. రేడియోలో స్కోరు విని రాసుకున్న మా నాన్న క్రికెట్ నోటుబుక్కు గుర్తొచ్చింది. ఫ్లోరిడా మార్లిన్స్‌తో ఆరో మ్యాచ్. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎనిమిదో దాంట్లో కబ్స్ 3–0. ఇంకో ఐదు ఔట్లు తీస్తే, 1945 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్‌కి. తాత కాలు ఒకటే ఊపుతున్నాడు.

అప్పుడు లూయిస్ కాస్టియో కొట్టిన బంతి ఎడమవైపు గీత దాటి స్టాండ్స్ అంచు మీదికి లేచింది. ఫౌల్ అయినా గాల్లో పట్టుకుంటే ఔటే. కబ్స్ ఫీల్డర్ మొయిసెస్ అలూ గోడ పక్కన ఎగిరాడు. మొదటి వరసలో నలుగురైదుగురు చేతులు చాపారు, ఒకతని చేతికి తగిలి బంతి జారిపోయింది. అలూ గంతులేసి తిట్టాడు. క్యాచ్ పట్టాడా లేదా అని మావాడొకడు నాలుగుసార్లు అడిగాడు, ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ తర్వాతి ముచ్చటలో మీరు నిజంగా సిగ్గుపడాలి. ఆ బంతి వల్ల ఒక్క పరుగూ రాలేదు. కాసేపటికి కబ్స్ షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే ఫీల్డర్, అలెక్స్ గొంజాలెజ్ దగ్గరికి ఒక మామూలు బంతి వచ్చింది, రెండు ఔట్లు తీయగలిగినంత సులువైనది. వదిలేశాడు. అక్కణ్ణుంచి గండి పడ్డ చెరువే. ఎనిమిది పరుగులు. మర్నాడు ఏడో మ్యాచ్ కూడా పోయింది. అయితే ఊరు ఊరంతా ఎవరిని తిట్టింది? బంతి వదిలేసిన షార్ట్‌స్టాప్‌ని కాదు, చెయ్యి చాపిన ఆ ప్రేక్షకుణ్ణి. మొహం మీద జాకెట్ కప్పి సెక్యూరిటీ వాళ్లు అతన్ని బయటికి తీసుకెళ్లారు. మీ వంశంలో రెండో మేక అతను. టికెట్ కొన్నాడు, గెంటివేయబడ్డాడు. మర్ఫీకైనా అతని తరఫున కోప్పడడానికి ఒక యజమాని ఉన్నాడు.

గొంజాలెజ్ బంతి వదిలాక తాత పెన్సిల్ పుస్తకం మధ్యలో పెట్టి మూసేశాడు. మిగతాది వచ్చే ఏడాది రాస్తాలే అన్నాడు. కబ్స్ అభిమానులకి ‘వచ్చే ఏడాది’ ఒక సంవత్సరం కాదు, ఊతపదం. మనం పెళ్లిచూపుల తర్వాత ‘కబురు చేస్తాం’ అన్నట్టు.

మిమ్మల్ని వదిలించుకోవడానికి వాళ్లు పడ్డ పాట్లు మీరు పైనుంచి చూసి నవ్వుకునే ఉంటారు. ఆ బంతిని ఒక రెస్టారెంటు వాళ్లు వేలంలో లక్షా పదమూడు వేల డాలర్లు దాటి పెట్టి కొని, 2004 ఫిబ్రవరిలో అందరూ చూస్తుండగా పేల్చేశారు. అంతటితో ఆగలేదు. మర్నాటి ఏడాది ఆ పీలికలు ఉడకబెట్టి, ఆవిరి పట్టి, స్పగెట్టి సాస్‌లో కలిపి వడ్డించారు. మనం దిష్టి తీసిన గుమ్మడికాయని రోడ్డు మీద పగలగొడతాం గానీ పులుసు పెట్టుకోం. 2008లో గ్రీకు పూజారిని పిలిచి డగౌట్ నిండా పవిత్ర జలం చల్లించారు. మూడు మ్యాచ్‌లకి మూడూ ఓడిపోయారు. నన్నడిగితే రెండు నిమ్మకాయలు, నాలుగు మిరపకాయలు చాలనేవాణ్ణి, కానీ నన్నెవరూ అడగలేదు.

2015లో మీరు గడుసుతనం చూపించారు. మెట్స్ నాలుగుకి నాలుగు గెలిచి కబ్స్‌ని ఇంటికి పంపారు. ఆ సిరీస్‌లో విరగదీసినవాడి పేరు డేనియల్ మర్ఫీ. ఇంటిపేరు చూసి నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను.

మర్నాటి ఏడాది అక్టోబరు 22న, అంటే సియానిస్ పోయిన తేదీనే, కబ్స్ వరల్డ్ సిరీస్‌లో అడుగుపెట్టారు. 71 ఏళ్ల తర్వాత. 1908 నుంచి లెక్కేస్తే 108 ఏళ్లు. బేస్‌బాల్ బంతి మీద జంట కుట్లు 108. మన అష్టోత్తరం 108. మా ఊళ్లో అంబులెన్స్ నంబరు కూడా 108. ఇందులో ఏది శకునమో తేల్చుకోలేక, ఏడో మ్యాచ్ రోజు పొద్దున అరోరా బాలాజీ గుడికెళ్లాను. ఏమీ అడగలేదు. కోరుకుంటే బయటపడిపోతానని భయం.

మీరు ఆఖరి ఊపిరిదాకా పోరాడారు, కాదనను. క్లీవ్‌లాండ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్, మళ్లీ అదే ఎనిమిదో ఇన్నింగ్స్, క్లీవ్‌లాండ్ ఆటగాడు రజాయ్ డేవిస్ హోమ్ రన్ కొట్టి స్కోరు 6–6 చేశాడు. మా ఆవిడ టీవీ రిమోట్ నా చేతిలోంచి తీసుకుని దాచేసింది. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక వాన. పదిహేడు నిమిషాలు. ఆ గ్యాప్‌లో కబ్స్ ఆటగాడు జేసన్ హేవర్డ్ మిగతా ఆటగాళ్లని కసరత్తు గదిలోకి పిలిచి ధైర్యం చెప్పాడు. పదో ఇన్నింగ్స్‌లో బెన్ జోబ్రిస్ట్ డబుల్ కొట్టి కబ్స్‌ని మళ్లీ ముందుకు తెచ్చాడు. 8–7 దగ్గర క్రిస్ బ్రయంట్ తడి గడ్డి మీద కాలు జారుతూనే, నవ్వుతూనే విసిరాడు. ఆంథొనీ రిజో పట్టుకుని బంతిని వెనక జేబులో పెట్టేసుకున్నాడు. షాపులో చిల్లర తీసుకుని జేబులో వేసుకున్నంత మామూలుగా.

రెండో మేకకి కూడా మరుసటి ఏడాది కబ్స్ ఒక ఛాంపియన్‌షిప్ ఉంగరం ఇచ్చారు. మర్ఫీకి ఏమీ ఇవ్వలేదు.

గెలిచాక జనం సుద్దముక్కలు పట్టుకెళ్లి రిగ్లీ ఫీల్డ్ ఇటుక గోడల మీద, చూడకుండానే పోయిన తమవాళ్ల పేర్లు రాశారు. నేనూ వెళ్లాను. చేతికందే ఎత్తులో ఖాళీ ఇటుక దొరకలేదు, వంగుని కింద ఒక మూల రాశాను. తాత పేరు, తెలుగులో. ఆయనకి చదవడం రాదు, అయినా ఆ గోడ మీద అంతకన్నా గుండ్రటి అక్షరాలు లేవు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు పోయాక మా బతుకు చప్పబడింది. 2018లో కొలరాడోతో 13 ఇన్నింగ్స్ ఆడి 2–1తో ఓడారు. 2021 జులైలో, ఆ చివరి బంతి విసిరినవాణ్ణీ పట్టినవాణ్ణీ రెండు రోజుల్లో చెరో ఊరికి అమ్మేశారు. ఎవర్నని తిట్టను? పేపరు తీస్తే జీతాలు, కాంట్రాక్టులు, బడ్జెట్. ఓడిపోయాం అంటే ఓడిపోయామనే అర్థం. ఇదివరకు ఆఫీసులో నేను చెబుతుంటే జనం కాఫీ చల్లారబెట్టుకుని వినేవాళ్లు. ఇప్పుడు చూడ్డానికి మాది ఇంకో జట్టు, అంతే.

కాబట్టి, మీకు వేరే పని లేకపోతే తిరిగి రండి. మొత్తం 108 ఏళ్లు వద్దు, ఒక పదేళ్ల కాంట్రాక్టు చాలు, శాపవిమోచనం క్లాజుతో. రెండు టికెట్లు నేను కొంటాను. మేకని ఇల్లినాయ్ పల్లెల్లో ఎక్కడైనా వెతికి తెస్తాను, ముందే శీకాయతో స్నానం చేయించి మరీ. పార్కింగ్ సంగతి మాత్రం మీరే చూసుకోవాలి. మ్యాచ్ రోజు రిగ్లీ చుట్టుపక్కల దొరకదు.

ఇట్లు,
మీ పాత బాధితుడు,
నేపర్‌విల్, ఇల్లినాయ్