480 మంది నుంచి రోడ్డు రోలర్ దాకా

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో పెద్దవాళ్లు నవ్వితే చాలామందికి గారపట్టిన పళ్లే కనిపిస్తాయి. కొందరికి మోకాళ్లు వంగవు, కొందరికి నడుము నిలవదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని అది. మునుగోడు ఎన్నికల చరిత్రను పార్టీల దగ్గర కాదు, ఆ నీళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. నీళ్ల కోసం పోరాడుతున్న జల సాధన సమితి పిలుపు మీద నామినేషన్లు వేసినవాళ్లు వీరిలో ఎక్కువ. గెలుస్తామన్న భ్రమ వాళ్లకేమీ లేదు. తమ గోడు ఢిల్లీ చెవిన పడాలి, అంతే. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. చివరికి గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. ఆ ఏడాదే తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. ఢిల్లీకి వినపడింది కూడా. లోక్‌సభ డిపాజిట్‌ను రూ.500 నుంచి రూ.10,000కు పెంచేసింది. నీళ్ల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

మునుగోడు గాలివాటం సీటు కాదు. 1967లో ఏర్పడింది మొదలు నాలుగుసార్లు వరుసగా కాంగ్రెస్ నేత పాల్వాయి గోవర్ధన్‌రెడ్డి గెలిచారు. 1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో మహామహులు కొట్టుకుపోయినా ఆయన నిలబడ్డారు. 1985, 1989, 1994ల్లో సీపీఐకి చెందిన ఉజ్జిని నారాయణరావు. 1999లో మళ్లీ పాల్వాయి. 2004లో పల్లా వెంకటరెడ్డి, 2009లో ఉజ్జిని యాదగిరిరావు, ఇద్దరూ సీపీఐ వారే. పొత్తు ఓసారి టీడీపీతో, ఓసారి కాంగ్రెస్‌తో. జనం గుద్దింది మాత్రం కంకి కొడవలి మీదే. టీడీపీ ఇక్కడ సొంతంగా ఒక్కసారీ గెలవలేదు. తెలంగాణ వచ్చిన 2014లో టీఆర్‌ఎస్ నుంచి కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డి, 2018లో 22,552 ఓట్ల ఆధిక్యంతో కాంగ్రెస్ అభ్యర్థి కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి గెలిచారు. ఇక్కడి వరకు ఇదొక మామూలు నియోజకవర్గం కథే.

2022 ఆగస్టులో రాజగోపాల్‌రెడ్డి రాజీనామా చేసి బీజేపీలో చేరారు. సభ గడువు ఇంకా ఏడాదిన్నర కూడా లేదు. మునుగోడు అభివృద్ధి కోసమే రాజీనామా అన్నారు. విచిత్రమేమిటంటే, ఆ మాటలో కొంత నిజం తేలింది. కొత్త మండలం కావాలని ఏళ్ల తరబడి దీక్షలు చేసిన గట్టుప్పల్‌కు, ఉపఎన్నిక వాసన తగిలిన జులైలోనే మండలం మంజూరైంది. అంతకుముందు ఏడాది హుజూరాబాద్ ఉపఎన్నిక ముంగిట దళితబంధు వచ్చినప్పుడు, ‘మీరూ రాజీనామా చేయండి సారూ’ అని వేరే నియోజకవర్గాల జనం తమ ఎమ్మెల్యేలను అడగడం ఊరికే కాదు. రాజీనామా చేస్తే తప్ప కదలని ప్రభుత్వం ఓటరుకు నేర్పిన పాఠం అది. రేటు చెప్పినంత ముట్టలేదని ఊళ్లలో కొందరు నాయకులను నిలదీస్తే, ఓటరు చెడిపోయాడని టీవీ చర్చల్లో అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. రేటు కట్టిందెవరో ఒక్కరూ అడగలేదు.

ఆ ఎన్నికలో 47 మంది అభ్యర్థులు. నోటాతో కలిపి 48 మీటలు, మూడు బ్యాలెట్ యూనిట్లు. తమ కారు గుర్తును పోలి ఉందంటూ టీఆర్‌ఎస్ రోడ్డు రోలర్ గుర్తుపై హైకోర్టుదాకా వెళ్లింది. ఒక అభ్యర్థికి ఇచ్చిన ఆ గుర్తును రిటర్నింగ్ అధికారి మార్చేస్తే, ఎన్నికల సంఘం తిరిగి ఇప్పించి ఆ అధికారినే తప్పించింది. రాష్ట్రమంతా రోలర్ గురించి మాట్లాడుతుంటే, చౌటుప్పల్ దగ్గర దండుమల్కాపురంలో ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం హామీ నిలబెట్టుకోలేదంటూ అప్పటి బీజేపీ అధ్యక్షుడు జేపీ నడ్డాకు ఎవరో ఉత్తుత్తి సమాధి కట్టారు. బతికున్న మనిషికి సమాధి కట్టడం అసహ్యమే. కానీ మొత్తం ప్రచారంలో ఫ్లోరైడ్ ఊసు గట్టిగా వినిపించింది ఆ మట్టిదిబ్బ దగ్గరే. మర్రిగూడ మండలం శివన్నగూడెం రిజర్వాయర్‌కు 2015లో కొబ్బరికాయ కొట్టిన టీఆర్‌ఎస్ కూడా అప్పటికి దాన్ని పూర్తిచేయలేదు మరి.

నవంబర్ 3న 93 శాతం పోలింగ్. టీఆర్‌ఎస్ అభ్యర్థి ప్రభాకర్‌రెడ్డికి 97,006 ఓట్లు, రాజగోపాల్‌రెడ్డికి 86,697. తేడా 10,309. వామపక్షాలు అండగా లేకుంటే ఆ ఆధిక్యం దక్కేదా అన్నది అనుమానమే. పది నెలలు తిరక్కముందే, 2023 ఆగస్టులో, బీఆర్‌ఎస్‌గా మారిన ఆ పార్టీ 115 మందితో జాబితా ప్రకటించింది. కమ్యూనిస్టులకు ఒక్క సీటూ లేదు. అక్టోబర్‌లో రాజగోపాల్‌రెడ్డి తిరిగి కాంగ్రెస్ గూటికి చేరారు. నవంబర్ 30న మళ్లీ ఆ ఇద్దరే పోటీ. ఈసారి గెలిచింది రాజగోపాల్‌రెడ్డి, ఆధిక్యం 40,590. పదమూడు నెలల ముచ్చట కోసం అంత యంత్రాంగాన్ని, అంత డబ్బును దించారన్నమాట.

సొంత నిర్ణయంతో రాజీనామా చేసినవారు ఆ సభ గడువు ముగిసేదాకా తిరిగి పోటీ చేయరాదన్న నిబంధన రావాలి. కర్ణాటకలో 2019లో స్పీకర్ ఎమ్మెల్యేలపై అనర్హత వేటు వేసి, సభ గడువు తీరేదాకా పోటీకి వీల్లేదన్నారు. అనర్హతను సమర్థించిన సుప్రీంకోర్టు, అలా గడువు విధించే అధికారం స్పీకర్‌కు లేదని తేల్చి వాళ్లను పోటీకి అనుమతించింది. అధికారం లేకపోతే చట్టంతో ఇవ్వొచ్చు. 1996లో డిపాజిట్ పెంచడానికి పార్లమెంటుకు ఏడాది కూడా పట్టలేదు.