ఏడోసారి ఒకటో సంచిక

దేశంలో బోలెడు సమస్యలున్నాయి, ఒప్పుకుంటాను. బెంగళూరులో అయితే మరీను. కానీ వాటన్నిటికంటే ముందు తేలాల్సింది ఒకటుంది: ఈ వారం వచ్చిన కొత్త కామిక్స్‌లో ఏవి చదవాలి?

నవ్వకండి. మారతహళ్ళిలోని మా ఫ్లాట్‌లో ప్రతి బుధవారం రాత్రి దీని మీద మీటింగు జరుగుతుంది. అమెరికాలో కొత్త కామిక్స్ దుకాణాల్లోకి వచ్చేది బుధవారం కాబట్టి మాకూ అదే ముహూర్తం. 2020లో డీసీ అనే కామిక్స్ కంపెనీ తన పుస్తకాల్ని మంగళవారానికి మార్చి, 2024లో మళ్ళీ బుధవారానికి తెచ్చింది. మధ్యలో ఉన్నన్నాళ్ళూ మాకు వారానికి రెండు మీటింగులు. జీతం హైక్ సంగతి మేనేజర్ దగ్గర ఎత్తడానికి నోరు పెగలని వాళ్ళు కూడా ఇక్కడ గొంతు చించుకుంటారు.

మా రూమ్మేట్ ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఎక్సెల్ షీటు. మొదటి కాలమ్‌లో పుస్తకం పేరు, రెండోదాంట్లో నంబరు, మూడోదాంట్లో అట్ట, నాలుగోదాంట్లో 'ముందుగా చదవాల్సినవి'. ఈ నాలుగో కాలమ్ దగ్గరే కొంప మునుగుతుంది.

"ఇది చదువుదాం మామా."

"ఎట్లా చదువుతావ్? ఇది ఈవెంట్‌కి టై-ఇన్, అంటే చాలా పుస్తకాల్ని కలిపే పెద్ద కథకి తోక. ముందు ఈవెంట్ చదవాలి."

"సరే, అదే చదువుదాం."

"దానికి ముందు పోయినేడాదివి ఆరు సంచికలున్నాయి. అవి చదవకపోతే వీడెందుకు చచ్చాడో తెలీదు."

"చచ్చాడా? మరి అట్ట మీద ఉన్నాడుగా?"

"అది వేరే భూమి మీద వాడు."

అందరూ గంభీరంగా తలూపుతారు. కుక్కర్ ఎన్నో విజిలో వేస్తుంది. ఎవరూ లేవరు. పప్పు మాడిన వాసన హాల్లోకి వచ్చాక అనంతపురం కుర్రాడు "గ్యాసు ఆపండప్పా" అంటాడు. అంటాడే గానీ తనూ లేవడు, ఓటింగు మధ్యలో ఉంది మరి. రాత్రి పదకొండున్నరకి మూడు పుస్తకాలు ఖరారవుతాయి. ఒక్కోటి ఇరవై, ఇరవై రెండు పేజీలు. పావుగంట పని. కానీ పొద్దున్నే ఆఫీసు స్టాండప్ కాల్ ఉంది కదా, చదవడం వాయిదా పడుతుంది. వచ్చే బుధవారానికి మళ్ళీ కొత్తవి దిగుతాయి.

ఈ కుర్రాళ్ళకి ఇంకో పట్టుదల ఉంది. ఏదైనా ఒకటో సంచిక నుంచే మొదలుపెట్టాలట. చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపులో మంచి కామిక్ చేతికొస్తే, నంబరు చూసి, దుమ్ము దులిపి మరీ మళ్ళీ అరలో పెట్టేస్తాడు మావాడు. చందమామ ఏ నెలది దొరికితే ఆ నెల నుంచే మొదలుపెట్టిన జాతి మనది. విక్రమార్కుడు చెట్టెక్కి శవాన్ని దించడం ఇది ఎన్నోసారని ఎవడైనా లెక్కపెట్టాడా?

సరే, ఒకటి నుంచే కానిద్దాం. ఏ ఒకటి? అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ ఒకటో సంచిక 1963లో వచ్చింది. 1999లో మళ్ళీ ఒకటో సంచిక. 2003లో పాతా కొత్తా అన్నీ కూడి 500వ సంచిక అన్నారు. ఆ తర్వాత 2014లో ఒకటి, 2015లో ఒకటి, 2018లో ఒకటి, 2022లో ఒకటి, 2025లో ఒకటి. ఒకటో క్లాసు ఏడుసార్లు చదివినవాణ్ణి మన ఊళ్ళో ఏమంటారో నేను చెప్పక్కర్లేదు. అమెరికాలో సూపర్ హీరో అంటారు. ఒకటో నంబరు వేస్తే ఎక్కువ అమ్ముడుపోతుందని వాళ్ళకి తెలుసు, అందుకే వేస్తారు. 1991లో ఎక్స్‌మెన్ ఒకటో సంచికని ఐదు రకాల అట్టలతో వదిలితే 80 లక్షల పైచిలుకు ప్రతులు పోయాయి. లోపల కథ ఒకటే. ఇప్పుడు దుకాణంవాడు మామూలు ప్రతులు 25 తెప్పించుకుంటే ప్రత్యేకమైన అట్ట ఉన్నది ఒక్కటి ఇస్తామనే పద్ధతి కూడా ఉంది. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయిన సంచికని నల్ల కవర్లో సీలు వేసి అమ్మారు. విలువ పోతుందని ఆ కవరు చించనివాళ్ళు ఎందరో. లోపల ఆయన చచ్చాడన్నది వాళ్ళు నమ్మకం మీద ఒప్పుకున్నారన్నమాట. ఏడాది తిరక్కుండానే ఆయన లేచి వచ్చేశాడు.

మా కమిటీలో అట్ట మీద వాదన నలభై నిమిషాలకి తగ్గదు. వీళ్ళు చదివేది ఫోన్‌లో.

ఇంతవరకూ సరదాగానే ఉంది. కానీ ఆ షీటులో లేని కాలమ్ ఒకటుంది, దాని దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. రాసిందెవరు, గీసిందెవరు? ఎవడూ అడగడు. సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ క్లీవ్‌లాండ్ కుర్రాళ్ళు. 1938లో డీసీవాళ్ళు వాళ్ళకి 130 డాలర్లు ఇచ్చి హక్కులన్నీ రాయించేసుకున్నారు. నూట ముప్పై! ముసలితనంలో డబ్బుల్లేక వాళ్ళు అవస్థ పడుతుంటే, సినిమా తీయబోతున్న వేళ నలుగురూ నిలదీశాక, 1975లో ఏడాదికి 20 వేల డాలర్ల పెన్షన్ పడేశారు. అప్పటికి గాని పుస్తకం మీద వాళ్ళ పేర్లు మళ్ళీ పడలేదు. ఆ 130 డాలర్ల లెక్క ఉన్న చెక్కుని 2012లో వేలం వేస్తే ఎంత పలికిందో తెలుసా? 1,60,000 డాలర్లు. మనుషులకి ఇవ్వనిది కాగితానికి ఇచ్చారు. కెప్టెన్ అమెరికా సృష్టికర్తల్లో ఒకడైన జాక్ కిర్బీ, తను గీసిన బొమ్మలు తనకి తిరిగివ్వమని 1980ల్లో మార్వెల్ కంపెనీతో కొట్లాడాల్సి వచ్చింది. తన చేత్తో గీసిన బొమ్మలండీ! సిగ్గు లేకపోతే సరి. ఆ సిగ్గులేనితనానికి నెలనెలా డబ్బు కడుతూ, ఏ అట్ట బాగుందని ఓట్లేసుకునే మనకైనా ఉండాలిగా?

పోయిన బుధవారం అందరూ పడుకున్నాక ఆ షీటులో ఐదో కాలమ్ నేనే పెట్టాను, 'ఎవరు రాశారు, ఎవరు గీశారు' అని. గురువారం పొద్దున చూస్తే మూడు గళ్ళూ శ్రద్ధగా నింపి ఉన్నాయి. మార్వెల్, మార్వెల్, డీసీ.