వీధి దీపానికి, పార్కుకు పద్దు ఏది?

ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం రాయితీ ఇస్తామని మన మున్సిపాలిటీలు ఊరంతా చాటుతాయి. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుందని హెచ్చరిస్తాయి. వసూలు విషయంలో ఇంత స్పష్టంగా మాట్లాడే పురపాలక సంస్థలు, ఆ డబ్బులో ఎంత భాగం వీధి దీపాలకు వెళ్లింది, పార్కులో మొక్కలకు నీళ్లు పెట్టడానికి ఎంత అయింది అన్న సంగతి పన్ను కట్టినవారి చేతికిచ్చే కాగితం మీద చూపవు. చూపాలని, ఆ పద్దులను విడిగా నిర్వహించాలని మేం కోరుతున్నాం.

ఇది మన చట్టాలకు కొత్త సంగతేమీ కాదు. 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం ఆస్తి పన్నును ఒకే ముద్దగా చూడలేదు. సాధారణ పన్ను, నీటి సరఫరా, మురుగు పారుదల, పారిశుధ్యం, దీపాల పన్ను అంటూ భాగాలు చెప్పాయి. వీధిలో దీపం వెలగడం కోసం ఇంటి యజమాని కొంత కడుతున్నాడని చట్టం అప్పుడే గుర్తించిందన్నమాట. ఆచరణలో ఆ భాగాలన్నీ ఒకే ఖజానాలో కలిసిపోయాయి. దీపాల పేరిట వచ్చిన సొమ్ము కరెంటు బిల్లుకైనా సరిపోయిందా అని అడిగితే జవాబు చెప్పగల కౌన్సిలర్లు అరుదు. పార్కులకైతే చట్టంలో ఆ పేరైనా దక్కలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు పార్కులు, ఉద్యానాలు, ఆటస్థలాలను ఒక అంశంగానూ, వీధి దీపాలను కలిపి ప్రజా సదుపాయాలను మరో అంశంగానూ పట్టణాల బాధ్యతల్లో చేర్చింది. ఆ బాధ్యత నెరవేర్చేందుకు డబ్బు ఎక్కడి నుంచి రావాలో మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది.

పార్కు నిర్మించడానికి డబ్బు దొరుకుతుంది. 2015లో మొదలైన అమృత్ పథకంలో పార్కులకు, పచ్చదనానికి చోటుంది. ఎమ్మెల్యే నిధులు, ఎంపీ నిధులు ఉన్నాయి. నడక బాట, ఓపెన్ జిమ్, పిల్లల ఉయ్యాలలు, గేటు పక్కన శిలాఫలకం అన్నీ సమకూరుతాయి. చిక్కంతా ఆ తర్వాతే. బోరు మోటారు కాలిపోతే బాగుచేయించడానికి ఫైలు కదలాలి. తోటమాలి పొరుగు సేవల కార్మికుడు, జీతం ఏ నెలలో అందుతుందో అతనికే తెలియదు. ప్రధాన రహదారి మధ్య సెంట్రల్ లైటింగ్ కింద నాటిన మొక్కలకు ట్యాంకరు రాకపోతే రెండు వేసవులు గడవవు. ఇవేవీ కోట్ల రూపాయల పనులు కావు. ఏటా తప్పకుండా కావలసిన చిన్న మొత్తాలు కాబట్టే బడ్జెట్‌లో ముందుగా వీటికే కోత పడుతుంది.

దీపాల విషయంలో ఒక మంచి అనుభవం మనకు ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వీధి దీపాల వ్యవస్థను ఛిన్నాభిన్నం చేసింది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ ద్వారా నగరమంతా ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. సంస్థే ముందు పెట్టుబడి పెడుతుంది, మున్సిపాలిటీ తనకు కరెంటు బిల్లులో మిగిలిన సొమ్ము నుంచి ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చుకుంటుంది, ఆ కాలమంతా నిర్వహణ కూడా సంస్థే చూస్తుంది. హైదరాబాద్‌లోనూ 2017 తర్వాత ఇదే పద్ధతిలో నాలుగు లక్షలకు పైగా దీపాలు మారాయి. బిల్లు తగ్గిన మాట నిజం. అయితే దీపాలకంటూ ప్రత్యేక పద్దు లేని పురపాలక సంస్థ ఆ మిగులును మరో అవసరానికి వాడేసుకుంటుంది. ఒప్పందం గడువు తీరి పాత దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయే వేళకు కొత్తవి కొనేందుకు చేతిలో ఏమీ ఉండదు. మిగిలిన డబ్బును మిగిలినట్టు చూపే ఖాతా ఉండి ఉంటే ఈ దుస్థితి వచ్చేది కాదు.

పచ్చదనం కోసం తెలంగాణ ఒక అడుగు ముందుకు వేసింది. 2019 నాటి మున్సిపాలిటీల చట్టం పురపాలక బడ్జెట్‌లో 10 శాతాన్ని హరిత బడ్జెట్‌గా కేటాయించాలని నిర్దేశించింది. దీన్ని మేం స్వాగతిస్తున్నాం. ఆ సొమ్ములో కొత్త మొక్కలు నాటడానికి ఎంత, ఉన్న పార్కును బతికించడానికి ఎంత అన్న విభజన కూడా ఉంటేనే అది నిజంగా ఉపయోగపడుతుంది. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు 10 శాతం ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు రాయించుకుంటున్నారు. అలా వచ్చిన స్థలాల్లో ఆక్రమణకు గురైన కొన్నింటిని 2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా హైదరాబాద్‌లో తిరిగి స్వాధీనం చేసుకుంటోంది. కంచె వేసి వదిలేసిన స్థలంపై మళ్లీ ఎవరో కన్నేస్తారు. చెట్టూ, దీపమూ, ఉదయం సాయంత్రం నడిచే మనుషులూ ఉన్న చోట ఆక్రమణకు అంత తేలిగ్గా సాహసించరు. స్వాధీనం చేసుకున్న రోజునే దాని నిర్వహణకు పద్దు రాయాలి.

ఈ పద్దు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి కాలిఫోర్నియా అనుభవం పరిశీలించదగ్గది. శాన్ రామోన్, డబ్లిన్ వంటి అక్కడి పట్టణాల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన విషయమే. ఏటా వచ్చే ఆస్తి పన్ను బిల్లులో పచ్చదనం, దీపాల కోసం ప్రత్యేకంగా ఒక పంక్తి, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. 1972లో ఆ రాష్ట్రం చేసిన ల్యాండ్‌స్కేపింగ్ అండ్ లైటింగ్ చట్టం దీనికి ఆధారం. నగరం ఒక ప్రాంతాన్ని గుర్తిస్తుంది. అక్కడ ఎన్ని దీపాలు, ఎంత పచ్చిక, ఎన్ని చెట్లు, వాటికి ఏడాదికి ఎంత ఖర్చు అని ఇంజినీరు నివేదిక తయారు చేస్తాడు. ఆ ఖర్చును ఆ ప్రాంతంలోని స్థలాలకు పంచుతారు. నివేదికపై ఏటా బహిరంగ విచారణ జరుగుతుంది. వసూలైన సొమ్మును ఆ పనికే ఖర్చు పెట్టాలి.

1978లో 13వ ప్రతిపాదనను ఓటర్లు ఆమోదించడంతో ఆస్తి పన్ను ఆస్తి విలువలో 1 శాతానికి, ఏటా ఆ విలువ మదింపులో పెరుగుదల 2 శాతానికి పరిమితమయ్యాయి. నగరాలకు ఆదాయం బిగుసుకుపోయి ఈ ప్రత్యేక రుసుములపై ఆధారపడటం పెరిగింది. ప్రజలకు అది పక్కదారిన వేసిన పన్నుగా కనిపించింది. 1996 నవంబరులో 218వ ప్రతిపాదన నెగ్గి నిబంధనలు కఠినమయ్యాయి. అందరికీ కలిగే సాధారణ ప్రయోజనాన్ని, ఆ స్థలానికే దక్కే ప్రత్యేక ప్రయోజనాన్ని ఇంజినీరు విడదీసి చూపాలి. రెండోదానికి మాత్రమే రుసుము వేయాలి. కొత్తగా వేయాలన్నా, పెంచాలన్నా యజమానులకు తపాలాలో బ్యాలెట్ పంపాలి. ఎవరు ఎంత కట్టవలసి వస్తుందో అంత బరువుతో వారి ఓటు లెక్కిస్తారు. ప్రభుత్వ స్థలాలకూ మినహాయింపు లేదు, తమ వాటా అవీ కట్టాలి.

ఈ పారదర్శకత మనకు కావాలి. అక్కడి లోపాలు మాత్రం వద్దు. ధరలతో పాటు పెరిగే ఏర్పాటు లేని చోట ఆ రుసుములు దశాబ్దాలుగా గడ్డకట్టిపోయాయి. లాస్ ఏంజెలెస్‌లో వీధి దీపాల రుసుము చాలా స్థలాలకు 1996 నాటి స్థాయిలోనే నిలిచిపోయింది. కూలి, సామగ్రి ఖర్చులు పెరిగాయి, రాగి తీగల దొంగతనాలు తోడయ్యాయి, చీకటి వీధులు ఎక్కువయ్యాయి. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఎవరి వీధికి వారే కట్టుకోవాలి, ఎక్కువ కట్టేవారికి ఎక్కువ ఓటు అన్న సూత్రాన్ని యథాతథంగా తెచ్చుకుంటే జూబ్లీహిల్స్‌కు తోటలు, బస్తీలకు చీకటి మిగులుతాయి. హైదరాబాద్‌లో ఏడాదికి రూ.1,200 లోపు పన్ను పడే చిన్న ఇళ్లకు రూ.101 మాత్రమే తీసుకునే వెసులుబాటు తెచ్చారు. అది న్యాయమైన నిర్ణయం. ఆ ఇళ్లున్న వీధి తన దీపాల ఖర్చును తానే భరించాలనడం మాత్రం ఎంతమాత్రం న్యాయం కాదు. రాత్రి పాళీ ముగించుకుని నడిచి వచ్చే ఆడపిల్లకు దీపం అవసరం ఎక్కువగా ఉండేది ఆ ఇరుకు సందులోనే. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో జాగా లేనిదీ అక్కడే. అందుకే వసూలు ఊరంతటి నుంచి, ఆస్తి విలువను బట్టి జరగాలి. పంపిణీ అవసరాన్ని బట్టి, లెక్క వార్డుల వారీగా ఉండాలి.

పార్కు ఎదురుగా ఉన్న ప్లాటుకు గజానికి ఎక్కువ ధర పలకడం మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. దీపాలు వెలిగే రహదారి మీద దుకాణానికి అద్దె ఎక్కువ. ప్రజల సొమ్ముతో పెరిగిన ఆ విలువలో కొంత తిరిగి ఆ పార్కుకు, ఆ దీపానికి రావడంలో అన్యాయం లేదు. పెద్ద వాణిజ్య సముదాయాల నుంచి ఇంకాస్త ఎక్కువ తీసుకోవడం కూడా సమంజసమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును మూలధన విలువకు, అంటే స్థలం, భవనం రిజిస్ట్రేషన్ విలువకు ముడిపెట్టారు. నివాస భవనాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పరిధి నిర్ణయించారు. ఏటా పెంపు 15 శాతం మించదన్న హామీ ఇచ్చినా నిరసనలు ఆగలేదు. అదనంగా కట్టేది దేనికో, తమ వీధిలో ఏం మారుతుందో ఎవరూ చెప్పకపోవడం ఆ ఆగ్రహానికి ఒక ముఖ్య కారణమని మేం భావిస్తున్నాం. పన్ను పెంపును సమర్థించుకోవలసినవారు ముందుగా లెక్కలు జనం ముందు పెట్టాలి.

పేరు విడిగా రాసినంత మాత్రాన సరిపోదని గ్రంథాలయ సెస్సు చూస్తే అర్థమవుతుంది. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేస్తున్న ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయక, పలు మున్సిపాలిటీలు ఏళ్ల తరబడి బకాయి పడ్డాయి. పుస్తకాలు, పత్రికలు కొనలేని శాఖా గ్రంథాలయాలు దాని ఫలితం. దీపాల, పార్కుల పద్దుకు ఆ గతి పట్టకూడదంటే దానికి ప్రత్యేక బ్యాంకు ఖాతా ఉండాలి. ఏటా తనిఖీ జరగాలి. ఏ వార్డులో ఎన్ని స్తంభాలు, ఎన్ని వెలుగుతున్నాయి, పార్కుకు ఎన్ని నెలలు తోటమాలి ఉన్నాడు అన్న వివరాలు వార్డు కార్యాలయం గోడ మీద కనిపించాలి. ఎన్నికైన పాలకమండలి లేకుండా ప్రత్యేకాధికారి పాలన సాగుతున్న పట్టణాల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ.

రాష్ట్ర ప్రభుత్వాలు సైతం తమ వంతు చేయాలి. ప్రభుత్వ కార్యాలయాలు మున్సిపాలిటీలకు చెల్లించవలసిన ఆస్తి పన్ను బకాయిలు పేరుకుపోతుంటే, చిన్న ఇంటి యజమాని గడప దగ్గర బిల్ కలెక్టర్‌ను నిలబెట్టే నైతిక హక్కు సన్నగిల్లుతుంది. రానున్న బడ్జెట్లలోనే ఆ బకాయిలు తీర్చి, వాటిలో దీపాలకు, పార్కులకు రావలసిన భాగాన్ని కొత్త ఖాతాలో మొదటి జమగా వేయాలి.